ఎత్తు వాపస్ తీసుకుంటూ ఆడితే చెస్ వస్తుందా?

మీరు అడిగినదాన్ని ముందు కుదించి చెప్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీరు కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్తూ వస్తూ లిచెస్ అనే చెస్ సైట్‌లో గేములు ఆడతారు. ఆట స్థాయిని చెప్పే రేటింగ్ 900 దగ్గరే తిరుగుతోంది. తప్పు ఎత్తు పడితే ఎదుటివాళ్లను వాపస్ అడుగుతారు, చాలామంది ఇస్తారు. అది చెడ్డ అలవాటని, అలా ఆడితే జన్మలో ఆట రాదని మీ బావమరిది అంటున్నాడు. పైగా పదేళ్ల మీ అబ్బాయికి కోచింగ్‌లో ‘ముట్టుకుంటే ఆడాల్సిందే’ అని నేర్పుతుంటే, ఇంట్లో మీరు వాడికి వాపస్‌లు ఇస్తున్నారు. దానివల్ల వాడు చెడిపోతాడా అని మీ అనుమానం.

వాపస్ మంచి పనిముట్టే. నేను చాలా ఏళ్లుగా ఆడుతున్నాను, శని ఆదివారాల్లో మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలకూ, వాళ్ల వెనకాలే వచ్చి కూర్చునే తండ్రులకూ నేర్పుతున్నాను. వాపస్ లేకుండా కొత్తవాళ్లకు నేర్పడం నావల్ల కాదు. కానీ మీరు రాసిన తీరు చూస్తే మీరు దాన్ని నేర్చుకోడానికి కాదు, ఓడిపోకుండా తప్పించుకోడానికి వాడుతున్నట్టు ఉంది. మీ బావమరిదికి కనబడింది అదే. ఆయన పూర్తిగా తప్పు కాదు.

వాపస్ అడిగే సందర్భాలు రెండు రకాలు. ఒకటి, ఎత్తు వేసి స్క్రీన్ మీంచి వేలు తీసేలోపే, ఎదుటివాడు ఇంకా ఏమీ ఆడకముందే ‘అయ్యో’ అనిపించేది. రెండోది, ఎదుటివాడు మీ రూక్‌ని కొట్టేశాక ‘అరె, అది చూడనేలేదు’ అనిపించేది. అడిగేటప్పుడు రెండిటికీ నొక్కే బటన్ ఒకటే కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం. మీ ఆట గురించి ఇవి చెప్పే సంగతులు మాత్రం వేరు.

మొదటి రకంలో మీకు శుభవార్త ఉంది. తప్పు మీకే కనబడింది, ఎవరూ చూపించలేదు. అంటే చూసే కన్ను మీకు ఉంది, అది తెరుచుకునేసరికి కాస్త ఆలస్యమవుతోంది అంతే. ఎత్తు బోర్డు మీద పడ్డాకే మనకు ఎదుటివాడి వైపు నుంచి చూడాలని తడుతుంది. అప్పటిదాకా మన ప్లాన్ మత్తులో ఉంటాం. దీనికి పాతకాలపు మందు ఒకటుంది. సోవియట్ మాస్టర్ బ్లూమెన్‌ఫెల్డ్ చెప్పిన సలహా: ఎత్తు నిర్ణయించుకున్నాక ముందు కాగితం మీద రాసుకో, తర్వాత ఆట కొత్తగా నేర్చుకున్నవాడిలా బోర్డును మళ్లీ ఒక్కసారి చూడు, ఒక్క ఎత్తులో మేట్ (రాజుకు తప్పించుకునే దారి లేని చెక్) ఉందా, ఏదైనా ఊరికే పోతోందా అని, ఆ తర్వాతే ఆడు. ఇప్పటి ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) నిబంధనల ప్రకారం టోర్నమెంట్లలో ఎత్తును ముందుగా రాయకూడదు. ఆన్‌లైన్‌లో ఆ అడ్డు లేదు, పైగా కాగితం పని సెట్టింగ్సే చేస్తాయి. లిచెస్‌లో ఎత్తు వేశాక ‘ఖాయమేనా’ అని అడిగే ఆప్షన్ ఉంది. దాన్ని ఆన్ చేసుకోండి. అమీర్‌పేటలో రైలు మారే తోపులాటలో వేలు జారి పక్క గడిలో పడే ఎత్తులు కూడా దాంతోనే ఆగిపోతాయి. ఒకటి రెండు వారాలు అలా ఆడితే మొదటి రకం వాపస్‌లు మీకు అవసరమే పడవు.

రెండో రకం వేరే. అక్కడ మీ తప్పును కనిపెట్టింది ఎదుటివాడు. మీరు వాపస్ తీసుకుని, ఆ రూక్‌ని పక్కకు జరిపి, ఆట కొనసాగిస్తారు. మీరు నేర్చుకున్నది ఏమిటి? ఆ రూక్ ఆ గడిలో ఉండకూడదని. అది ఈ ఒక్క గేముకే పనికొచ్చే సమాచారం. రేపు ఇంకో గేములో ఇంకో గడిలో ఇంకో పావు ఇలాగే పోతుంది. ఇంకా పెద్ద నష్టం ఏమిటంటే, ఎదుటివాడి బెదిరింపును పసిగట్టే పని మీ బుర్ర మానేస్తుంది. ఎలాగూ వాడు కొట్టి చూపిస్తాడు, అప్పుడు వెనక్కి వెళ్దాంలే అన్న ధీమా వచ్చేస్తుంది. 900 దగ్గర ఆగిపోయిన చాలామంది ఆటలో నేను చూసేది ఇదే. ఓపెనింగులు (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరసలు) రావు అనుకుని యూట్యూబ్‌లో గంటలు గంటలు వీడియోలు చూస్తుంటారు. నిజానికి వాళ్ల జబ్బు ఓపెనింగ్ కాదు, ఎదుటివాడు ఇప్పుడే ఆడిన ఎత్తు ఎందుకు ఆడాడు అని తమను తాము ప్రశ్నించుకోకపోవడం.

అందుకే మా దగ్గర ఒక షరతు ఉంది. వాపస్ ఊరికే ఇవ్వను. అడిగినవాళ్లు తప్పు ఎక్కడ మొదలైందో చెప్పాలి. చివరి ఎత్తు పేరు చెప్తే సరిపోదు, ఎందుకంటే తప్పు చాలాసార్లు చివరి ఎత్తులో ఉండదు.

ఒక గేమ్ చూపిస్తాను. మా పై అంతస్తులో ఉండే ఒకాయన, బ్యాంకు ఉద్యోగి, రాత్రి భోజనాలయ్యాక ఫోన్ స్పీకర్‌లో పెట్టి నాతో లిచెస్‌లో ఆడతాడు. ఆయన నల్ల పావులు, నేను తెల్లవి. గడి పేరులో అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస. నేను బంటును ఇ4కి తోశాను, ఆయన ఇ5కి. నేను గుర్రాన్ని ఎఫ్3లోకి తెచ్చాను, ఆయన బంటును డి6లో పెట్టి కాపాడుకున్నాడు. నేను బిషప్ సి4, ఆయన బిషప్ జి4. ఆయన బిషప్ ఇప్పుడు నా గుర్రాన్ని కట్టేసింది, గుర్రం కదిలితే వెనకాల డి1లో ఉన్న నా క్వీన్ పోతుంది. నేను రెండో గుర్రాన్ని సి3లోకి తెచ్చాను. ఆయన బంటును జి6కి జరిపాడు, బిషప్‌ను జి7లో పెట్టుకుందామని.

అప్పుడు నేను ‘కట్టేసిన’ గుర్రంతోనే ఇ5 బంటును కొట్టేశాను. క్వీన్ ఊరికే దొరికిందని ఆయన ఆనందంగా బిషప్‌తో డి1లో కొట్టేశాడు. నా బిషప్ ఎఫ్7 బంటును కొట్టి చెక్ ఇచ్చింది. రాజుకు వెళ్లడానికి ఇ7 ఒక్కటే గడి. అక్కడికి వెళ్తే సి3 గుర్రం డి5కి వచ్చి మేట్. క్వీన్ లేకుండా, రెండు గుర్రాలు ఒక బిషప్‌తో. పద్దెనిమిదో శతాబ్దపు పారిస్ ఆటగాడు లెగాల్ పేరు మీద దీన్ని లెగాల్ మేట్ అంటారు. ఫిలిడోర్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌కు పేరిచ్చిన ఫిలిడోర్‌కు చెస్ నేర్పింది ఆయనే. చెక్ పడగానే పైఅంతస్తు ఆయనకు వాసన తగిలింది.

“అన్నా, ఒక్కటి వాపస్ ఇయ్యి.”

“ఇస్త. తప్పు ఏది?”

“క్వీన్‌ను కొట్టుడు.”

“కొట్టకుంటే ఏం చేస్తవ్?”

“బంటుతోని గుర్రాన్ని కొడ్త.”

“కొట్టు. నీ జి4 బిషప్‌కు సపోర్ట్ ఎవరు?”

కాసేపు ఫోన్‌లో ఫ్యాన్ చప్పుడు మాత్రమే వినిపించింది. “ఎవ్వరు లేరు కదనే.”

అదీ సంగతి. వాపస్ తీసుకుని గుర్రాన్ని కొడితే నా క్వీన్ వచ్చి జి4లో ఆయన బిషప్‌ను కొడుతుంది. లెక్క చూస్తే గుర్రానికి బిషప్ చెల్లు, నాకు ఒక బంటు మిగులు. మేట్ తప్పింది గానీ బంటు పోయింది. అంటే చివరి ఎత్తు వాపస్ తీసుకున్నా ఆయన స్థితి చెడిపోయే ఉంది. తప్పు అంతకు ముందు జి6 దగ్గర జరిగింది. సపోర్ట్ లేని బిషప్‌ను అక్కడ నిలబెట్టి, తీరిగ్గా ఇంకోచోట బంటు కదిపాడు.

అందుకని ఇంకొకటి కూడా వాపస్ ఇచ్చి జి6 ఆడకముందు స్థితికి వెళ్లాం. ఈసారి ఆయన గుర్రాన్ని ఎఫ్6లోకి తెచ్చాడు. నేను కావాలనే మళ్లీ అదే గుర్రంతో ఇ5 కొట్టాను. “ఇప్పుడు క్వీన్‌ను కొట్టాలా, వద్దా?” అని అడిగితే ఆయన “నేను కొట్టనన్నా, కొడితే మేట్” అన్నాడు. చూడండి, ఒక్క ఎత్తే వాపస్ తీసుకుని ఆగిపోయినవాడు నేర్చుకునే పాఠం ఇదే. ‘క్వీన్ ఊరికే ఇస్తే తీసుకోకూడదు.’ పనికిమాలిన పాఠం. నల్ల గుర్రం ఎఫ్6లో ఉంటే క్వీన్‌ను హాయిగా కొట్టొచ్చు. తర్వాత బిషప్ చెక్, రాజు ఇ7, నా గుర్రం డి5కి వస్తే ఆయన గుర్రం దాన్ని కొట్టేస్తుంది. మేట్ లేదు, నా క్వీన్ పోయింది. క్వీన్ జోలికి వెళ్లకుండా బంటుతో గుర్రాన్ని కొట్టినా ఆయనకే లాభం, ఎందుకంటే ఇప్పుడు జి4 బిషప్‌కు ఎఫ్6 గుర్రం సపోర్ట్‌గా ఉంది. నా క్వీన్ అక్కడ కొడితే గుర్రం దాన్ని తినేస్తుంది.

అదే నాలుగో ఎత్తులో ఆయన ఇంకో గుర్రాన్ని సి6లోకి తెచ్చి ఉంటే? అప్పుడు క్వీన్‌ను కొడితే మళ్లీ మేటే, ఎందుకంటే సి6 గుర్రం డి5ని చూడదు. కానీ ఆ గుర్రంతో నా ఇ5 గుర్రాన్ని కొడితే అది జి4ని కూడా కాస్తుంది, నాకు పావు నష్టం. మూడు రకాల నాలుగో ఎత్తులు, మూడు వేరు వేరు ఫలితాలు. మాకు పావుగంట పట్టింది. ఆ గేమ్ ఎవరు గెలిచారో ఇద్దరికీ గుర్తు లేదు, అవసరం కూడా లేదు. కానీ ఆయన అప్పటినుంచి బిషప్‌ను జి4లో పెట్టిన ప్రతిసారీ దానికి సపోర్ట్ ఎవరో వెతుక్కుంటున్నాడు. వాపస్‌తో రావలసింది ఈ వెతుకులాట.

కాబట్టి వాపస్ తీసుకునేటప్పుడు ‘ఈ ఎత్తు వద్దు’ దగ్గర ఆగకండి. ఏ ఎత్తు దగ్గర వేరేలా ఆడి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు అని వెనక్కి నడవండి. సైట్‌లో అది సులువే. ఎదుటివాడు జవాబు ఆడేశాక వాపస్ అడిగితే ఆయన ఎత్తూ మీ ఎత్తూ రెండూ పోయి మళ్లీ మీ వంతుకు వస్తుంది. ఇంకోసారి అడిగితే ఇంకో జత వెనక్కి. ఎదుటివాడు ప్రతిసారీ ఒప్పుకోవాలి కాబట్టి ముందే మాట్లాడుకున్న మనిషి కావాలి.

ఇక్కడే అపరిచితుల సంగతి. లిచెస్‌లో ప్రతివాళ్లూ తమ సెట్టింగ్స్‌లో వాపస్ ఎప్పుడూ ఒప్పుకోవాలా, రేటింగ్ లెక్కలోకి రాని క్యాజువల్ గేముల్లోనేనా, అసలు వద్దా అని పెట్టుకోవచ్చు. వేలు జారిన ఎత్తుకు తెలియనివాళ్లను ఒకసారి అడగడంలో తప్పు లేదు. మీరూ అలాంటప్పుడు ఇవ్వండి. ఆలోచించి ఆడిన తప్పుకు మాత్రం తెలియనివాళ్లను అడగొద్దు. వాళ్లు మీకు పాఠం చెప్పడానికి రాలేదు. కాదంటే చాట్‌లో పంచాయితీ అసలే పెట్టొద్దు. మెట్రోలో ఆడే మూడు నిమిషాల, అయిదు నిమిషాల గేముల్లో వాపస్ మాటే ఎత్తకండి. అంత వేగంలో ఎవరికీ ఏమీ అర్థం కాదు, ఉత్త టెన్షన్. వాపస్‌తో నేర్చుకోవాలంటే పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు కలిసే గేమ్ పెట్టుకోండి. ఇంకా నెమ్మదిగా ఉన్నా మంచిదే. మీ బావమరిదే ఎందుకు ఆడకూడదు? వాదించే బదులు నేర్పమనండి.

తోడు దొరకనప్పుడు గేమ్ అయ్యాక కంప్యూటర్ అనాలిసిస్ పెట్టి, అక్కడ ‘లెర్న్ ఫ్రమ్ యువర్ మిస్టేక్స్’ నొక్కండి. అది మీరు తప్పు చేసిన ప్రతి చోటా ఆగి, జవాబు చూపించకుండా ఇంతకన్నా మంచి ఎత్తు కనిపెట్టమంటుంది. ఎదుటివాడితో పని లేని వాపస్ అనుకోండి. దాని లోపమల్లా ఒకటే, అది ఏ ఎత్తు చెడ్డదో చెప్తుంది గానీ ఆ క్షణంలో మీ బుర్రలో ఏముందో దానికి తెలీదు. అందుకే ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) అంకెలు చూడకముందే మీరు ఏమనుకుని ఆ ఎత్తు ఆడారో ఒక ముక్క రాసిపెట్టుకోండి. ఆట నడుస్తుండగా మాత్రం ఇంజిన్ వైపు చూడకూడదు. క్యాజువల్ గేమే కదా అంటారేమో, అక్కడ కూడా అది మోసమే, అకౌంట్ మీద వేటు పడుతుంది.

బాట్‌లతో, అంటే కంప్యూటర్ ఆటగాళ్లతో, ఆడేవాళ్లకు ఒక మాట. బాట్ ఎన్ని వాపస్‌లైనా ఇస్తుంది, ఎందుకని ఒక్కసారి కూడా అడగదు. అందుకే పూర్తి గేముల్లో బాట్‌తో వాపస్ అలవాటు అన్నిటికన్నా చెడ్డది. గెలిచేదాకా వెనక్కీ ముందుకీ తిప్పుతుంటాం, చివరికి గెలిచింది మనమా కాదా అన్నది మనకే తెలీదు. కానీ కొద్ది పావులే మిగిలే ఎండ్‌గేమ్‌లకు ఇదే బాట్ బంగారం. బోర్డు మీద మీ రాజు, ఒక బంటు, ఎదుట ఒంటరి రాజు పెట్టండి. మీ రాజు ఎఫ్6లో, బంటు ఇ6లో, నల్ల రాజు ఇ8లో. ఎత్తు మీదైతే బంటును ఇ7కి తోయండి. నల్ల రాజు డి7కి పోక తప్పదు, మీ రాజు ఎఫ్7కి వస్తుంది, బంటు క్వీన్ అయిపోతుంది. అదే స్థితిలో ఎత్తు నల్లవాడిదైతే రాజు ఎఫ్8కి వస్తాడు. ఇప్పుడు బంటు ఇ7కి వస్తే చెక్ పడుతుంది, రాజు ఇ8కి వెళ్తాడు, మీరు బంటును వదలకుండా ఇ6లో నిలబడితే స్టేల్‌మేట్, అంటే చెక్ లేకుండానే అతనికి ఆడే ఎత్తు లేక డ్రా. బంటు ఏడో వరసకు చెక్ ఇవ్వకుండా వస్తే గెలుపు, చెక్ ఇస్తూ వస్తే డ్రా. దీన్ని చదివితే ఇప్పుడే మర్చిపోతారు. వెనక్కీ ముందుకీ తిప్పి ఓ ఇరవైసార్లు ఆడి చూడండి, ఇక మరవరు. ఇలాంటిచోట వాపస్‌కు లెక్క పెట్టక్కర్లేదు.

మనుషులతో ఆడే పూర్తి గేములకు మాత్రం లెక్క ఉండాలి. గేముకు ఒకటి, మహా అయితే రెండు. ఎందుకంటే చెడిపోయిన స్థితిలో పోరాడటం కూడా నేర్చుకోవలసిన విద్యే. 900 దగ్గర గుర్రం పోయిందంటే ఆట పోయినట్టు కాదు. ఎదుటివాడూ 900యే, పది ఎత్తుల్లో వాడూ ఏదో ఒకటి వదిలేస్తాడు. ప్రతి నష్టానికీ వెనక్కి వెళ్లేవాడికి ఆ పది ఎత్తులు గట్టిగా నిలబడటం ఎప్పటికీ రాదు. లెక్క ఉంటే ఇంకో లాభం ఉంది. ‘ఈ ఒక్కటి ఇప్పుడు వాడెయ్యనా, దాచుకోనా’ అని ఆలోచించేటప్పుడు ఆ తప్పు ఎంత పెద్దదో తూచడం వస్తుంది. పైఅంతస్తు ఆయన ఇప్పుడు చాలాసార్లు వాపస్ వాడకుండానే గేమ్ ముగిస్తున్నాడు.

ఇక మీ అబ్బాయి సంగతి. కోచ్ చెప్పేది నిక్కచ్చిగా నిజం. ఫిడే నిబంధనల్లో నాలుగో అధికరణంలో చాలా భాగం దీని గురించే. మీ వంతులో కావాలని ఒక పావును ముట్టుకుంటే, దానికి ఆడగలిగే ఎత్తు ఉంటే దాన్నే ఆడాలి. గడిలో పెట్టి చెయ్యి వదిలితే ఇక మార్చడం కుదరదు. గడి మధ్యలో సర్దాలనుకుంటే సర్దుతున్నానని ముందే చెప్పాలి. 1994లో లినారెస్ టోర్నమెంట్‌లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ అంతటివాడు పదిహేడేళ్ల జుడిత్ పోల్గార్ మీద ఆడుతూ గుర్రాన్ని ఒక గడిలో వదిలి, వెంటనే ఎత్తి ఇంకో గడిలో పెట్టాడు. చెయ్యి వదిలిన సంగతి తర్వాత వీడియోలో తేలింది, సుమారు పావు సెకను పాటు. ఆమె ఆ క్షణంలో ఫిర్యాదు చేయలేదు, గేమ్ ఓడిపోయింది. ఆ పావు సెకను గురించి జనం ఇప్పటికీ మాట్లాడుకుంటున్నారు. పిల్లల టోర్నమెంట్లలో ఆర్బిటర్ (ఆట నిర్ణేత) దగ్గరికి ఇలాంటి గొడవలు కూడా చేరుతుంటాయి. ‘ముట్టుకున్నాడు’, ‘ముట్టుకోలేదు’.

అయితే టచ్ మూవ్, అంటే ఈ ‘ముట్టుకుంటే ఆడాల్సిందే’, చేతికి సంబంధించిన క్రమశిక్షణ. మీరు ఇంట్లో ఇచ్చే వాపస్ ఆలోచనకు సంబంధించింది. రెండూ ఒకే బోర్డు మీద కలిసిపోతేనే పిల్లలకు గందరగోళం. కాబట్టి విడదీయండి. కట్టె బోర్డు మీద టచ్ మూవ్, మినహాయింపు లేదు, మీకూ లేదు. మీరు ముట్టుకుని నాలుక్కరుచుకున్నా సరే, ఆడాల్సిందే. తండ్రి తప్పించుకుంటే పిల్లాడు కూడా తప్పించుకుంటాడు. వాపస్ అంతా ట్యాబ్ మీదకు మార్చండి. ఆన్‌లైన్‌లో పావును ముట్టుకుని వదిలేస్తే ఎలాగూ పట్టింపు లేదు, అక్కడ టచ్ మూవ్ అలవాటవదు, కాబట్టి చెడేదీ లేదు.

ఇంకొకటి, వాపస్ వాడు అడిగితేనే ఇవ్వండి. మీ అంతట మీరు ‘నాన్నా, అది చూడు’ అని ఆపొద్దు. ఎదుటివాడు హెచ్చరిస్తాడన్న అలవాటు టోర్నమెంట్‌లో ఆ పిల్లాడికి శాపం. అడిగాక పైఅంతస్తు ఆయనను నేను అడిగినట్టే తప్పు ఎక్కడ మొదలైందో చెప్పమనండి. తప్పు సమాధానం చెప్పినా ఇచ్చేయండి, ఆడి చూస్తే వాడికే తెలుస్తుంది. మాటిమాటికీ పెద్దవాడిలా విడమరచి చెప్తే పదేళ్లవాడు లేచి వెళ్లిపోతాడు. వరంగల్ గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు ఫిడే జాబితాలో 2800 రేటింగ్ దాటాక మన ఊళ్లో ప్రతి తండ్రికీ తొందర ఎక్కువైంది. మీ ప్రశ్నలో ఆ తొందర లేదు, సంతోషం.

టోర్నమెంట్ దగ్గర పడ్డప్పుడు, వారం ముందు నుంచి వాపస్ పూర్తిగా ఆపేసి కట్టె బోర్డు, గడియారం పెట్టి ఆడించండి. గేమ్ అయ్యాక ఇద్దరూ కలిసి బోర్డు మీద వెనక్కి నడవండి, అప్పుడు ఎన్ని ఎత్తులైనా. టోర్నమెంట్‌లో ఓడి వచ్చిన రోజు మాత్రం అదీ వద్దు, మర్నాడు చూడొచ్చు.